మోటారు మందగించినపుడు ఫిల్టరు పని

మన సంఘ సభ్యులలో సోలారు మోటార్లతో డ్రిప్పు పారించుకొనువారు హెచ్చుచున్న కొలదియు ఒక ఫిర్యాదు మాటిమాటికి మా చెవిని బడుచున్నది. "ఫిల్టరు కొత్తదే, ఇసుకయు మంచిదే, ప్రతిదినమును కడుగుచునే యున్నాము. అయినను లాటరల్ పైపులు మూసికొని పోవుచున్నవి" అని కొందరు చెప్పుచున్నారు. మరికొందరు దీనికి భిన్నముగా, "మోటారు మెల్లగా తిరుగునపుడే నీరు తేటగా వచ్చుచున్నది. జోరు హెచ్చిన వెంటనే మురికి కానవచ్చుచున్నది. అట్లయిన ఎల్లప్పుడును మెల్లగనే నడుపుకొనుట మేలు గాదా?" అని యడుగుచున్నారు. ఈ రెండు మాటలును నిజములే. ఒకదానికొకటి విరుద్ధముగా గనబడినను రెండింటికిని మూలమొక్కటే. కావున ఈ మాసము ఆ సంగతినే కొంచెము విపులముగా వ్రాయ దలచితిమి.

గత వేసవిలో మేమొక సభ్యుని బత్తాయి తోట చూడబోయితిమి. నీటికుంట ఒడ్డున సోలారు పలకలు, వాని ప్రక్కనే పంపు, పంపునకు ఆనుకొని ఇసుక ఫిల్టరు, దాని వెనుక జల్లెడ ఫిల్టరు, అన్నియు శుభ్రముగా అమర్చబడియుండెను. ఆయన దినమును ఉదయము 7 గంటలకే తోటకు వచ్చి మొట్టమొదట ఫిల్టరు కడుగును. చల్లని పూట, వేరు పని యుండదు, ఆ తరువాత దినమంతయు నిశ్చింతగా నీరు పారించుకొనవచ్చునని ఆయన యభిప్రాయము. మా యెదుటనే వాల్వు త్రిప్పి కడిగి చూపెను. మురికినీరు కొంత వచ్చినది, రెండు నిమిషములకే తేటపడినది. "చూచితిరా, ఇంతకన్న నేమి చేయవలెను?" అని ఆయన యడిగెను. మేము ఫిల్టరు మూత విప్పించితిమి. ఇసుక పైపొర పాచితోను బంకమట్టితోను కలిసి నిమ్మకాయలంత గడ్డలు కట్టియుండెను. గోడ వెంబడి వేలు దూరునంత సందులు పడియుండెను. కుంటనీరు ఆ సందులలోనుండి, ఇసుకను తాకకయే, తిన్నగా క్రిందికి దిగిపోవుచున్నది. తోట చివరనున్న మూడు సాళ్ల చెట్లు ఆకులు ముడుచుకొని పిందెలు రాల్చుకొనియుండెను. ఆ రైతు అశ్రద్ధ గలవాడు గాడు. మనలో ననేకులకన్న శ్రద్ధ గలవాడు. ఆయన తప్పు కడుగకపోవుటలో లేదు, కడిగిన వేళలో నున్నది.

ఇది బోధపడుటకు మోటారు వేగమునకును నీటికిని గల సంబంధము ముందు తెలిసికొనవలెను. పంపు తిరుగు వేగము సగమైనపుడు అది తోయు నీరు ఇంచుమించు సగమగును. కాని అది చూపగల ఒత్తిడి సగము గాదు, నాలుగవ వంతునకు పడిపోవును. దానికి గావలసిన శక్తి యెనిమిదవ వంతునకు దిగును. ఈ లెక్క నీటిని పైకెత్తు పని లేనిచోట, లేక మిక్కిలి స్వల్పముగా నున్నచోట, బాగుగా సరిపోవును. బోరు పంపుల సంగతి వేరు. 50 హెర్ట్జుల యొద్ద, నీరు పారనిచ్చక మూసి చూచినపుడు, 60 మీటర్ల యెత్తు ఒత్తిడి చూపు పంపు, 40 హెర్ట్జులకు దిగినపుడు 38 మీటర్లు మాత్రమే చూపును. 30 హెర్ట్జులకు దిగిన 22 మీటర్లకు లోబడును. బోరులో నీటిమట్టము 30 మీటర్ల లోతున నున్నదనుకొందము. ఈ కడపటి వేగమున మోటారు తిరుగుచునే యుండును గాని, చుక్క నీరు పైకి రాదు. పంపు వేడెక్కుట తప్ప ప్రయోజనము లేదు. కావున మెల్లగా నడుపుట యను ప్రశ్న ముఖ్యముగా కుంటలనుండియు, కాలువలనుండియు, తక్కువ లోతు బావులనుండియు నీరు తోడుకొను వారిదే. ఇసుక ఫిల్టరుతో ఎక్కువ పని పడువారును వారే, ఏలయన పాచియు, ఆకుకుళ్లును, బంకమట్టియు ఉండునది ఆ నీటిలోనే.

ఇచ్చట ఒక చిన్న మాట. కరెంటు మోటార్ల రైతులు కొందరు, వోల్టేజి తగ్గినపుడు తమ మోటారును సోలారు మోటారువలెనే మందగించి తిరుగుచున్నదని తలచుచున్నారు. అది సరి గాదు. వోల్టేజి తగ్గినపుడు మామూలు మోటారు వేగము కొద్దిగానే తగ్గును, కాని లాగుకొను ఆంపియర్లు పెరిగి వైండింగు కాలును. కావలెనని వేగము తగ్గించుట వేరు, వోల్టేజి చాలక మూల్గుట వేరు. ఇక వాల్వు సగము మూసి నీరు తగ్గించుకొన్న యెడల, ఫిల్టరు మట్టుకు అదియు వేగము తగ్గించినట్లే. ఫిల్టరునకు తెలిసినది తనలోనుండి గంటకెంత నీరు పోవుచున్నదన్నదొక్కటే. అది మోటారు వలన తగ్గినదా, వాల్వు వలన తగ్గినదా యను విచారము దానికి లేదు.

ఈ విషయమున మిక్కిలి వివరమైన అనుభవము ఈతకొలనులు నడుపువారికి గలదు. కొలనునకు ఇసుక ఫిల్టరుతో నేమి పనియని మన రైతులు ఆశ్చర్యపడవచ్చును. ఆ కొలనులలోని నీరు దినదినమును మార్చునది గాదు. ఉన్న నీటినే పంపుతో లాగి, ఇసుకలో వడగట్టి, తిరిగి కొలనులోనికే వదలుచుందురు. ఆ ఫిల్టరును మన డ్రిప్పు ఫిల్టరును ఒకే జాతివి. వానిలో నీరు దిగు వేగము కూడ రమారమి సమానమే. అమెరికా దేశమున కొలను పంపుల విద్యుత్ పొదుపు నిబంధనలు 2021 జులై 19వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. దానితో అచ్చట కొత్తగా తయారగు పంపులలో ఒక మాదిరి పెద్దవన్నియు వేగము మార్చుకొనదగినవిగనే యున్నవి. వారి లెక్క సులభమైనది. వేగము సగము చేసి గంటలు రెట్టింపు చేసిన, ఫిల్టరు గుండా పోవు నీరు అంతే. కరెంటు మాత్రము నాలుగవ వంతు. కొలను నీరు కొలనునకే పోవును గనుక పైకెత్తు పని లేదు, అందుచే వారికి ఈ లాభము ఇంచుమించు పూర్తిగా దక్కును. మనకు అంత దక్కదు. సోలారు రైతునకైతే పొదుపు చేయవలసిన కరెంటే లేదు. మనము వారినుండి నేర్చుకొనవలసినది మరియొకటి. వారు వడగట్టుటకు దినములో చాల భాగము పంపును మెల్లగా నడుపుదురు. ఫిల్టరు కడుగునపుడు మాత్రము వేగమును హెచ్చింతురు. మెల్లని వేగమున కడిగిన కొలనులలో ఇసుక గడ్డకట్టి నీరు మసకబారుట వారికిని అనుభవమైన సంగతియే.

ఇప్పుడు ఇసుక ఫిల్టరు లోపల నేమి జరుగునో చూతము. ఇసుక ఫిల్టరు జల్లెడ వంటిదని చాలమంది తలచుచున్నారు, కాని పూర్తిగా అట్లు గాదు. అర మిల్లీమీటరునుండి ఒక మిల్లీమీటరు వరకుండు ఇసుక రేణువుల నడిమి సందులు, అవి పట్టుకొను మురికికన్న అనేక రెట్లు పెద్దవి. మురికి కణము నీటితోబాటు వంకరటింకర దారులలో దిగుచు ఏదోయొక రేణువునకు తగిలి అంటుకొనును, లేదా మూలలో దిగబడును. నీరు నిదానముగా దిగినచో తగులుటకును, అంటుకొనుటకును వ్యవధి యెక్కువ, అంటుకొన్నదానిని ఈడ్చుకొనిపోవు ఒరవడి తక్కువ. కావున వడగట్టుట వరకు మెల్లని వేగమే మేలు. మెల్లగా నడిపినపుడు తేటగా వచ్చుచున్నదని చెప్పిన సభ్యుని కన్ను మోసపోలేదు.

అంకెలతో చెప్పుకొందము. 80 సెంటీమీటర్ల వ్యాసము గల ఫిల్టరు తొట్టిలో ఇసుక పరుపు వైశాల్యము సుమారు అర చదరపు మీటరు. గంటకు 25,000 లీటర్లు పోవునపుడు నీరు ఆ పరుపులో గంటకు 50 మీటర్ల చొప్పున దిగును. డ్రిప్పు ఫిల్టర్లకు ఇది సామాన్యముగా వాడుకలోనున్న వేగమే. ఉదయము యెండ చాలనపుడు అదే పంపు గంటకు 10,000 లీటర్లే యిచ్చినచో, వేగము 20 మీటర్లకు దిగును. వడపోత బాగుపడును, సందేహము లేదు.

అయితే సోలారు మోటారు ఒకే తీరున మెల్లగా నడచునది గాదు. మబ్బు వచ్చిన తగ్గును, మబ్బు తొలగిన ఒక్కసారిగా లేచును. మెల్లని వేళ ఇసుకలో నెమ్మదిగా పేరుకొన్న మురికి ఈ హఠాత్తు ఒరవడికి ఊడి క్రిందికి జారును. పట్టణములలో నీటి ఫిల్టర్లు నడుపు పనివారు ఎన్నడును వేగమును ఒక్కసారిగా పెంచక, క్రమముగా పెంచుట ఇందువలననే. మన పొలములో మబ్బును క్రమముగా తొలగుమని యెవరు చెప్పగలరు? అందుచేతనే ఇసుక ఫిల్టరు తరువాత జల్లెడ ఫిల్టరు గాని డిస్కు ఫిల్టరు గాని తప్పక యుండవలెనని మేము చెప్పుచున్నాము. ఇసుక ఫిల్టరున్నది గదా యని దానిని తీసివేసి, ఆ నాలుగు డబ్బులు మిగుల్చుకొన్నవారిని చూచితిమి. మబ్బులు పట్టు కాలము వచ్చునప్పటికి వారి డ్రిప్పర్లు నోళ్లు మూసికొన్నవి. డ్రిప్పరు లోపలి దారి ఒక మిల్లీమీటరునకు అటునిటుగా నుండును. దానిలో పదియవ వంతుకన్న పెద్ద కణమును లోనికి పోనీయరాదని వాడుక. 120 మెష్ జల్లెడ రమారమి 130 మైక్రాన్ల వరకు, అనగా మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు వరకు ఆపును. ఈ జల్లెడకు వేగముతో అంత పట్టింపు లేదు. ఒత్తిడి మిక్కిలి హెచ్చినపుడు మాత్రము మెత్తని పాచి పిండివలె కన్నములలోనుండి దూరిపోవును.

ఇక అసలు సంగతి, కడుగుట. బ్యాక్‌వాష్ చేయునపుడు నీరు అడుగునుండి పైకి పోవును. ఆ నీరు ఇసుక పరుపును పైకెత్తి, రేణువులను విడదీసి, ఒకదానితో నొకటి రాచుకొనునట్లు చేయవలెను. అప్పుడు అంటుకొనియున్న మురికి ఊడి, తేలికయైనది గనుక నీటితో బయటికి పోవును, బరువైన ఇసుక లోపలనే నిలుచును. కళ్లములో ధాన్యము తూర్పారబట్టుట యెరిగిన మన రైతులకు దీనిని ఇంతకన్న విప్పి చెప్పనక్కరలేదు. గాలి చాలనపుడు పొల్లు గింజతో కలిసి అక్కడనే పడును. గాలి మిక్కుటమైన గింజయు ఎగిరిపోవును. గాలి లేని పూట ఎవడును తూర్పారబట్టడు. ఎండ లేని పూట సోలారు మోటారుతో ఫిల్టరు కడుగుట అట్టిదే.

ఎంత నీరు కావలెను? సన్నని ఇసుకకు గంటకు 35 నుండి 40 మీటర్ల వేగమైనను కావలెను, ముతక ఇసుకకు ఇంకను ఎక్కువ. మనము చెప్పుకొన్న 80 సెంటీమీటర్ల తొట్టికి ఇది గంటకు 17,500 నుండి 20,000 లీటర్లగును. ఉదయము వచ్చు 10,000 లీటర్లతో సన్నని రేణువులు కొంచెము కదలవచ్చునే గాని పరుపు లేవదు. పైన వదులుగా నున్న మురికి మాత్రము కొట్టుకొనిపోయి, రెండు నిమిషములకే నీరు తేటపడును. ఆ తేటయే రైతును మోసగించునది. ఇసుక శుభ్రపడుట చేత తేటపడినదా, ఇసుక కదలకపోవుట చేత తేటపడినదా యని బయటి నీరు చెప్పదు. మరియొక సంగతి. చల్లని దేశములలో అచ్చైన పుస్తకములలోని అంకెలకు మన దేశమున కొంత కలుపుకొనవలెను. వేడినీరు చల్లని నీటికన్న పలుచన. 10 డిగ్రీల నీటి చిక్కదనములో 30 డిగ్రీల నీటికి ఇంచుమించు 5 భాగములలో 3 భాగములే యుండును. పలుచని నీరు ఇసుకను పైకెత్తుటకు ఎక్కువ వేగముగా పోవలెను. అనగా మన వేసవిలో కడుగుటకు నీరు తక్కువ గాక ఎక్కువే కావలెను.

కావున సోలారు రైతు ఫిల్టరు కడుగవలసిన వేళ పగలు 11 గంటలకును 1 గంటకును నడుమ, ఆకాశము నిర్మలముగా నున్నపుడు. కడుగునపుడు తోటకు పోవు వాల్వును పూర్తిగా మూసి, నీరంతయు కడుగుటకే పోవునట్లు చేయవలెను. మురికినీటి గొట్టము కొసన ఒక తెల్లని గిన్నె పట్టి చూచిన, ముందు బురదనీరు, తరువాత క్రమముగా తేటనీరు వచ్చును. ఇందుకు మూడునుండి అయిదు నిమిషములు పట్టును, మురికి యెక్కువైన ఇంకను పట్టవచ్చును. గిన్నె అడుగున ఒకటి రెండు సన్నని ఇసుక రేణువులు కనబడిన భయము లేదు. పిడికెడు పడుచున్నచో గాలి యెక్కువైనదన్నమాట, మురికినీటి వాల్వును కొంచెము బిగించుకొనవలెను. ఆ వాల్వు సరియైన చోటు ఒకసారి కుదిరిన తరువాత, రంగుతో గీత పెట్టుకొనుట మంచిది. నెలకొకసారియైనను మూత విప్పి చేతితో ఇసుకను తడవి చూడవలెను. గడ్డలు, సందులు లేకుండ పరుపు సమతలముగా నుండిన కడుగుట సరిగా జరుగుచున్నట్లు.

మధ్యాహ్నము తోటకు నీరు పారించుకొను మంచి వేళను కడుగుటకు పాడుచేసికొందుమా యని యొక సభ్యుడు మాతో వాదించెను. అయిదు నిమిషములు. దానికి తప్పించుకొన్నవారు ఆ తరువాత లాటరల్ పైపులు పీకి దినముల తరబడి దులుపుకొనుచున్నారు.

ప్రెషరు గేజి సంగతి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది, ఏలయన మందవేగమున గేజియు అబద్ధమాడును. ఫిల్టరునకు ముందొకటి, వెనుకనొకటి గేజి యుండి, రెండింటి భేదమును బట్టి ఫిల్టరు మురికిపడినదో లేదో తెలిసికొందుము. శుభ్రముగా నున్నపుడు భేదము చదరపు సెంటీమీటరునకు 0.2 కిలో యనుకొందము. అది 0.5 లేక 0.6 కిలోకు పెరిగిన కడుగవలెనని నియమము. కాని ఈ నియమము ఒకే ప్రవాహమునకు చెల్లును. మిట్టమధ్యాహ్నము 0.6 కిలో చూపు మురికి ఫిల్టరు, ఉదయము నీరు అయిదింట రెండు వంతులకు తగ్గినపుడు 0.1 నుండి 0.25 కిలో వరకే చూపును. దానిని చూచి రైతు "ఇంకను శుభ్రముగనే యున్నది" అని సంతోషించును. శుభ్రమైనది ఫిల్టరు గాదు, తగ్గినది నీరు. ఈతకొలనుల వారు కూడ ఈ పొరబాటునకు చాలమారు లోనైరి. దీనికి ఉపాయము ఒక్కటే. కంట్రోలరు మీద హెర్ట్జుల అంకె చూచి, ఎల్లప్పుడును అదే అంకె యొద్ద భేదమును కొలువవలెను. ఫిల్టరు కడిగిన మరుక్షణము నిండు వేగమున హెర్ట్జు లెన్నియో, భేదమెంతయో చూచి, ఆ రెండంకెలను తొట్టి మీదనే రంగుతో వ్రాసికొనవలెను. తరువాత ఎప్పుడు చూచినను వానితోనే పోల్చవలెను.

గేజీలు ఒక పంటకాలము గడచునప్పటికి అద్దము పగిలియో, ముల్లు బిగిసియో పనికిరాకుండ పోవుట మనకందరకును తెలిసినదే. రెండు గేజీలు రెండు విధముల తప్పు చూపినపుడు వాని భేదమునకు అర్థమే లేదు. మా యభిప్రాయమున, ప్రతి ఫిల్టరునకు రెండు నాసిరకపు గేజీలకన్న, ముందు వెనుకల రెండు చిన్న కొళాయిలు పెట్టించుకొని, ఒకే మంచి గేజిని రెండుచోట్లను మార్చి మార్చి తగిలించి చూచుట శ్రేష్ఠము. గేజిలో దోషమున్నను రెండుచోట్లను ఒకే దోషముండును గనుక భేదము సరిగనే వచ్చును. అట్టి గేజి యొకటి సంఘమువారు కొని, పదిమంది సభ్యులకు వంతులవారీగా ఇచ్చిన, ఖర్చు లెక్కకు రానిది.

బోరు నీటిలో ఇసుక వచ్చువారు ఇసుక ఫిల్టరు బదులు హైడ్రోసైక్లోను వాడుచున్నారు. దీని స్వభావము ఇసుక ఫిల్టరునకు సరిగా తలక్రిందులు. దానిలో నీరు సుడి తిరుగును, ఆ సుడికి బరువైన ఇసుక గోడకు కొట్టుకొని క్రిందికి జారి గిన్నెలో చేరును. కవ్వము మెల్లగా త్రిప్పిన వెన్న పడనట్లే, నీరు మెల్లగా పోయిన సుడి లేదు, సుడి లేక ఇసుక విడదు. మెల్లని వేగమున హైడ్రోసైక్లోను ఒక వట్టి గొట్టము మాత్రమే. అది పనిచేయుచున్నదనుటకు గురుతు, దానికి ముందు వెనుకల ఒత్తిడి భేదము 0.2 కిలోకు తగ్గకుండుట. ఇసుక ఫిల్టరులో భేదము తక్కువైన సంతోషము, ఇందులో తక్కువైన విచారము. ఉదయమున ఆ భేదము రాకున్నచో, వచ్చువరకు ఆ నీటిని తోటలోనికి వదలక తొట్టిలోనికో కుంటలోనికో మళ్లించుకొనుట క్షేమము.

కొత్తగా కొనువారికి దీనినుండి ఒక సలహా పుట్టుచున్నది. ఒక పెద్ద ఫిల్టరుకన్న రెండు చిన్నవి మేలు. 80 సెంటీమీటర్ల తొట్టి యొకటి బదులు, 56 సెంటీమీటర్లవి రెండు ప్రక్కప్రక్కన పెట్టుకొనిన ఇసుక వైశాల్యము మొత్తము మీద దాదాపు అంతే. కాని ఒక్కొక్కదానిని విడిగా కడుగుటకు గంటకు సుమారు 10,000 లీటర్లు చాలును. అనగా పై పెద్ద తొట్టి రైతునకు చాలని ఉదయపు నీరే ఈ చిన్న తొట్టికి ఇంచుమించు సరిపోవును. పైగా ఒక తొట్టిలో వడగట్టిన తేటనీటితో రెండవదానిని కడుగవచ్చును. హైడ్రోసైక్లోను విషయమునను అంతే. చిన్నవి రెండు పెట్టి, ఉదయము ఒకదాని వాల్వు మూసియుంచిన, ఉన్న నీరంతయు రెండవదానిలోనుండి పోయి సుడి తిరుగును. వెల కొంత యెక్కువగును, వాల్వులు రెండు ఎక్కువగును. పంపు బలము పూర్తిగా నమ్మదగినదైన కరెంటు రైతునకు ఇది అంత అవసరము లేదు. సోలారు రైతు మాత్రము ఆ వ్యయమునకు వెనుదీయరాదని మా నమ్మకము.

ఎంత మంచి ఫిల్టరైనను సన్నని ఒండును కొంత వదలుచునే యుండును. అది లాటరల్ పైపుల చివరలయందు, నీరు నిదానించుచోట, దిగబడును. మోటారు మందగించినపుడు ఇది ఇంకను త్వరగా దిగును. కావున పైపుల కొసలు విప్పి కడుగుటయు నిండు వేగముననే జరుగవలెను. ఒండును ఈడ్చుకొనిపోవుటకు పైపులో నీరు సెకండునకు 30 సెంటీమీటర్లైనను పోవలెను. సాధారణమైన 16 మిల్లీమీటర్ల లాటరల్ కొసన ఒక లీటరు చెంబు పట్టిన, అది 20, 22 సెకండ్లలో నిండవలెను. అంతకన్న ఆలస్యమైన, ఒకేసారి విప్పిన కొసలు ఎక్కువైనవని తెలిసికొని, కొన్నింటిని మూసి మిగిలినవానిని కడుగవలెను. సాలంతయు ఒక్కసారిగా విప్పి, ప్రతి కొసనుండియు నీరు సన్నని ధారగా కారుచుండగా, కడుగుట యైనదని ఇంటికి పోవువారు పెక్కురు గలరు. ఉప్పునీటి బోర్లలో డ్రిప్పరు మూతిని తెల్లగా గట్టిపడు సున్నము వేరు. అది నీటిలో కరగియుండునది గనుక ఏ ఫిల్టరును, ఏ వేగమునను దానిని ఆపజాలదు. దానికి ఆమ్లము పట్టించుటయే మార్గము.

చివరగా ఒక హెచ్చరిక. మెల్లగా వడగట్టిన నీరు తేటగా వచ్చుచున్నది గదా యని, తోటపనికి వచ్చినవారు ఫిల్టరు కొళాయినుండి త్రాగుచుండుట మేము చూచితిమి. నెమ్మదిగా వడగట్టుటచే నీరు త్రాగుటకు పనికివచ్చునను మాట ఊరక పుట్టినది గాదు. 1829లో జేమ్సు సింప్సను అను ఇంజనీరు లండను నగరమున చెల్సీ నీటి కంపెనీకి థేమ్సు నది నీటిని అట్టి ఇసుక పరుపులలో వడగట్టి యిచ్చెను. 1892లో జర్మనీలోని హాంబర్గు నగరము ఎల్బు నది నీటిని వడగట్టకయే త్రాగి, కలరాచే 8,000 మందికి పైగా పోగొట్టుకొనెను. దానిని ఆనుకొనియున్న ఆల్టోనా పట్టణము, అదే నదినీటిని ఇసుకలో వడగట్టుకొని త్రాగుటచే చాలవరకు తప్పించుకొనెను. మన కోస్తా గ్రామములలో కాలువనీటిని వేసవి చెరువులలో నిలువచేసి, ఇసుక పరుపులలో వడగట్టి యిచ్చు మంచినీటి పథకములు ఈ పద్ధతివే. కాని ఆ పరుపులలో నీరు దిగునది గంటకు 10, 20 సెంటీమీటర్లు మాత్రమే. ఆ నిదానములో ఇసుకపై సూక్ష్మజీవుల పొర యొకటి ఏర్పడి, రోగక్రిములను అది తినివేయును. ఆ పరుపులను బ్యాక్‌వాష్ చేయరు, పైపొరను గీకి తీసివేయుదురు. మన డ్రిప్పు ఫిల్టరు ఎంత మందగించినను గంటకు 20 మీటర్లు, అనగా దానికి నూరు రెట్లకు తక్కువ గాదు. అది తేటనిచ్చునే గాని ఆరోగ్యము నీయదు. తోటలోనికి త్రాగునీరు వేరుగా తీసికొనిపోవలెను.

బత్తాయి తోట రైతు ఆనాడే ఫిల్టరులోని ఇసుకనంతయు దింపి, గడ్డలు చిదిపి, తట్టలలో కడిగి, తిరిగి పోసికొనెను. కడుగు వేళను 12 గంటలకు మార్చుకొనెను. చివరి మూడు సాళ్లలో రెండింటి పైపులు కొసలు విప్పి కడిగిన పిదప పారినవి. మూడవ సాలు పైపును పూర్తిగా మార్చవలసివచ్చెను. వానలు పడిన తరువాత మేము తిరిగి వెళ్లి చూచునప్పటికి ఆ చెట్లు కొత్త చిగురు వేసియుండెను. ఆ యేటి కాపు మాత్రము ఆ మూడు సాళ్లలో దక్కలేదు.